ఊరి పేరు చివర

గ్రిమ్స్‌బీలో మొదటి ఇంటర్వ్యూ
చేపల ఫ్యాక్టరీ వెనక, బస్ షెల్టర్లో.
రికార్డర్‌లో గాలి హోరు పడకుండా
నా ఉన్ని టోపీ తీసి కప్పాను.
అందుకే ఆ ఫైల్లో
అందరి గొంతులూ కాస్త ఉన్ని ఉన్నిగా వినిపిస్తాయి.

విలియా. నలభై ఒకటి. లిథువేనియా.
హడాక్ చేపకి ముల్లు తీసే బల్ల దగ్గర తొమ్మిదేళ్లు.
"ఎందుకు వచ్చారు?" అనేది పదకొండో ప్రశ్న,
దానికి మా దగ్గర ఆరు గడులున్నాయి:
పని, చదువు, పెళ్లి, భయం, బంధువులు, ఇతరం.
ఆవిడ గ్లవ్ విప్పి, మళ్లీ తొడుక్కుని
"మా అక్క రావాల్సింది. జ్వరం వచ్చింది" అంది.
టికెట్ డబ్బులు దండగైపోతాయని తనెక్కిందట.

నేను 'ఇతరం'లో టిక్కు పెట్టాను.

రాత్రికి హంబర్ వంతెన దాటి హల్ చేరాక
హెడ్‌ఫోన్లు తగిలించుకుని
మాటల్ని అక్షరాల్లోకి దించుతాను.
నవ్వితే బ్రాకెట్లో పెట్టాలి,
దగ్గితే వదిలెయ్యొచ్చు,
మూడు సెకన్లు దాటిన మౌనానికి మాత్రం
లెక్క చెప్పాలి. అది పద్ధతి.

'అక్క ఇప్పుడెక్కడ?' అన్న తర్వాత
పద్నాలుగు సెకన్లు.
అందులో ఒక లారీ పీప్ పీప్‌మంటూ వెనక్కి పోయింది.
సీగల్ పక్షులు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
ఎవరో గొంతు సవరించుకున్నారు, నేనే కాబోలు.
(పద్నాలుగు సెకన్లు) అని కొట్టి
కింది లైనుకి దిగాను.

ప్రొఫెసర్ ఎనిడ్ థర్ల్‌బీ గదిలో
గోడ నిండా బాణాల మ్యాపు.
లావు బాణమైతే లక్షమంది,
వెయ్యికి తగ్గితే బాణమే గియ్యరు.
ముప్పై ఏళ్లు లోకం కదలికల్ని కొలిచిన మనిషి
వాళ్ల నాన్న మీద ఒక్క పేజీ రాయలేదు.
ట్రాలర్ ఎక్కి ఐస్‌లాండ్ వైపు మూడు వారాలు,
ఇంట్లో మూడు రోజులు,
మళ్లీ మూడు వారాలు; ఇరవై ఆరేళ్లు అదే వరస.
"ఏ గడిలో పెట్టను ఆయన్ని?" అంది క్యాంటీన్లో,
చిప్స్ మీద వెనిగర్ చల్లుకుంటూ.
"వెళ్లినవాడా, వచ్చినవాడా?
మా అమ్మయితే చుట్టం అనేది."

ఆ పూటే అడిగింది, నా కాగితాల్లో పుట్టిన ఊరు చూసి:
"జన్నివలస. దీనికేమైనా అర్థముందా?"

ఉంది. ఇన్నాళ్లూ నా చెవికి తగల్లేదు, అంతే.
మా బొబ్బిలి వైపు ఊళ్లకి అదొక తోక.
కొత్తవలస, జన్నివలస, ఇంకా బోలెడు వలసలు.
ఏ కరువుకో, ఏ దొర మీద అలిగో
ఎవరో కుండలు నెత్తికెత్తుకుని నడిచి నడిచి
ఆగినచోటు.
ఆగాక పేరు మార్చలేదు వాళ్లు.
కదలడానికున్న మాటని
కదలనిదానికి తగిలించేశారు.
గోడలు లేచాయి, శిస్తు రసీదులొచ్చాయి,
సరిహద్దు రాయి కోసం తలలు పగిలాయి.
పొలిమేర దాటి ఎరగని ముసలాణ్ణి
ఏ ఊరు తాతా అంటే
మాది వలస నాయనా, అంటాడు.

ఇదంతా ఇంగ్లీషులోకి తెచ్చేసరికి
ఆవిడ చిప్స్ చల్లారిపోయాయి.
చాలాసేపు ఏమీ అనలేదు.
నేనూ సెకన్లు లెక్కపెట్టలేదు.
"ఎన్నేళ్లకి వినిపించడం మానేస్తుంది ఆ మాట?" అంది చివరికి.
"దాని మీదే ప్రాజెక్టు రాద్దాం."
"నిధులివ్వరు" అని
వెనిగర్ సీసా మూత బిగించింది.

ఏప్రిల్లో మళ్లీ గ్రిమ్స్‌బీ వెళ్లాను,
రాసినదాన్ని విలియాకి చూపించడానికి.
పొలుసులంటిన వేలు లైను కింద పెట్టి చదివింది.
బ్రాకెట్ దగ్గర వేలు ఆగింది. దాటింది.
"ఇతరం అంటే?"
"మాకు తట్టనివన్నీ."
"ఇంకెవరున్నారు అందులో?"
రెండొందల పన్నెండు మందిలో తొంభై ఏడుగురు, అన్నాను.
"అంతమందా!" అంది.
"అయితే అదొక ఊరు. పేరు పెట్టకపోయారా?"

బస్సొచ్చింది. షిఫ్టు దిగినవాళ్లు
ముక్కులు తుడుచుకుంటూ ఎక్కారు.
టోపీ కింద ఎర్రదీపం
ఇంకా వెలుగుతూనే ఉంది.