పలకపొడి

మంగళవారం రాత్రుళ్ళు
ప్రార్థన మందిరం వెనక గదిలో ఆరుగురం కూచుంటాం.
హీటరు ఒక్కటే. దాని పక్క కుర్చీ
ఎవరూ చెప్పకుండానే యోర్వెర్త్‌ది.

బల్ల మీద రైలింజను, జానెడు కూడా లేదు.
ఎర్రగా, తళతళా,
పల్లకీలోంచి ఇప్పుడే దిగిన పెళ్ళికొడుకులా.
"అబద్ధం," అన్నాడాయన కళ్ళజోడు మీంచి చూసి.
"మా బ్లైనైలో ఇంత శుభ్రంగా
ఏ ఇంజనూ ఏ పొద్దూ పనికి పోలేదు."

చిన్న సీసాల మూతలు తీశాడు:
కొత్త తుప్పు, పాత తుప్పు, పొగమసి,
ఎండిన బురద, ఏ పేరుకీ లొంగని ఒక గోధుమరంగు.
నీళ్ళు లేవు, నూనె లేదు. ఒట్టి పొడి.
అరిగిన కుంచెతో అద్దాలి, పుయ్యకూడదు.
నేను పూశాను.
పగలంతా కొట్లో చేపలకి పిండి పూసే చెయ్యి మరి.
ఆయనేమీ అనలేదు. తడిగుడ్డ ఇచ్చాడు.

"మెట్టు మీద వెయ్యకు.
డ్రైవరు బూటు రోజుకి నలభైసార్లు ఆనే చోట
దుమ్ముకి కూచునే తీరిక ఎక్కడిది?
పిడి కూడా వదిలెయ్. చెయ్యి తగిలే ఇత్తడి మెరవాలి.
గొట్టం వెనకాల మసి వేసుకో. కానీ
గాలి ఎటునుంచి వీస్తోందో ముందు తేల్చుకో."

తర్వాత ఒక చుక్క స్పిరిట్.
అంచున ముట్టిస్తే చాలు, తనే పాకుతుంది.
పొడి నల్లబడింది. అంతా పాడయిందని నా గుండె జారింది.
"ఆగు. ఆరితే రంగు తేలుతుంది.
ఓపికలేనివాళ్ళు తడి చూసి భయపడి
మళ్ళీ పోస్తారు."
ఆగాం. ఎవరో బిస్కెట్లు తెచ్చారు.

ఇంజను వెనక పలకరాళ్ళ బండ్లు నాలుగు.
వాటి రంగు ఏ సీసాలోనూ దొరకదట.
కోటు జేబులోంచి దగ్గుబిళ్ళల డబ్బా తీశాడు.
లోపల నీలం కలిసిన బూడిదరంగు,
పిండికన్నా మెత్తన.
మూతపడ్డ మిల్లులో, వాళ్ళ నాన్న ఇద్వాల్ నిలబడ్డ రంపం కింద,
నేల పగుల్లోంచి చెంచాతో గోకి తెచ్చాడు.

"ముందు మాస్కు," అన్నాడు.
నాకొకటి, తనకొకటి.
చిటికెడు దుమ్ముకి రెండు మాస్కులు.
ఇద్వాల్‌కి ముప్పైయొక్క ఏళ్ళకీ
మెడకి కట్టుకున్న చేతిరుమాలు.

కంపెనీ డాక్టరు చెప్పాడట, దుమ్ము వల్ల కాదు,
మీరంతా టీ మరీ మరగబెట్టి తాగుతారు, అందుకే అని.
కళ్ళల్లో దుమ్ము కొట్టడానికీ చదువు కావాలి.
ఆ ఇంట్లో టీ మానేశారు.
దగ్గు మానలేదు.
ఇదంతా మాస్కు లోంచి చెప్పాడు, సగం నాకు వినపడలేదు.
మళ్ళీ అడగలేదు.

చివరి బండి పక్కన బొటనవేలంత మనిషి.
టోపీకి అద్దాడు. భుజాలకి, మోచేతులకి, మోకాళ్ళకి.
ముఖం దగ్గర కుంచె ఆగింది.
హీటరు టకటకమంటోంది.
తర్వాత ముఖానికీ అద్దాడు,
మిగతా అన్నిటికన్నా నెమ్మదిగా.

పోర్త్‌మడాగ్ పోటీలో జడ్జీ భూతద్దం పెట్టి చూసి రాశాడు:
ఇంజను అద్భుతం. కూలీ మీద దుమ్ము అతిగా ఉంది.
మూడో బహుమతి.
యోర్వెర్త్ ఆ చీటీ మడిచి
దగ్గుబిళ్ళల డబ్బాలో పెట్టుకున్నాడు.
నవ్వాడో ఏమో, మీసాల వెనక తెలీదు.

ఆ మంగళవారం ఇంటికొచ్చి చూసుకుంటే
నా స్వెట్టరు చేతికి బూడిదరంగు చార.
వాషింగ్ మెషీన్లో వెయ్యబోయి ఆగాను.
వినపడ్డ సగంలో ఇదొకటి ఉంది:
ఇద్వాల్ భార్య రోజూ ఆయన చొక్కా
గుమ్మం బయటికి తీసుకెళ్ళి దులిపేదట,
పిల్లల్ని లోపలికి పంపి, ఊపిరి బిగబట్టి.
తలుపు తీశాను.
వాన లేదు, వీధిలో ఎవరూ లేరు.
తడి వేలు పైకెత్తి
గాలి ఎటునుంచి వీస్తోందో
ముందు చూసుకున్నాను.