కల్చర్ ప్లేటు

గుడిమల్కాపూర్ ఇస్తారమ్మ మోకాలి చీము
రెండు రాత్రుల్నుంచి నా దగ్గరే ఉంది.

పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీశాను.
మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ
కొంచెం జాగా ఖాళీ అవుతుంది.
పన్నెండు బిళ్లల్లో పదకొండింటి అంచుల్ని
ఒరుసుకుంటూ మొలిచింది క్రిమి.
రిపోర్టులో ఆర్, ఆర్, ఆర్ అని కొడుతూ పోయాను.
మిగిలిన ఒక్కటీ కిడ్నీల్ని తినే మందు.

కౌంటర్ దగ్గర ఆమె, వాకర్ పట్టుకుని:
"కింద కూసోని పూలల్లుడు ఎప్పటికైతది బిడ్డా?"
లోపలి స్టీలు కీలు మళ్లీ ఊడదీస్తారని
చెప్పాల్సింది డాక్టరు. నేను కవరు అంటించాను.

ఇంటికొచ్చి సొరుగు లాగితే
మొన్నటి జలుబుకి షాపువాడిచ్చిన స్ట్రిప్పు,
మూడు వేసుకుని ఆపేసినది.
వెండి రేకులో ఇంకా రెండు.