డబ్బాలో నలుపు

మాధవాయిపాలెం రేవులో దిగినప్పుడు
ఆయన చేతిలో పెట్టె ఒక్కటే.
దాన్ని నా నెత్తిన పెట్టాడు.
ఎనిమిదేళ్ళవాణ్ణి. అవిసె నూనె
మెడ మీదుగా కారి వీపుకంటింది.

దొర అనాలో వద్దో
రేవులో ఎవరికీ పాలుపోలేదు.
అమెరికావాడంటే తెల్లగా ఉండాలి కదా,
ఈయన మా చినమావయ్య కంటే నలుపు.
చివరికి టీకొట్టు గంగరాజు తేల్చాడు:
"నల్లదొర."
పేరు ఎజ్రా టాలివర్.
మా నోళ్ళలో పడి తాలివారయ్యాడు.

నర్సాపురం మిషన్ ఆసుపత్రి వెనక గదిలో
ఒక వానాకాలమంతా ఉన్నాడు.
కాన్వాసు అయిపోతే పాత తెరచాప గుడ్డ కొని
సబ్బుతో ఉతికి, జిగురు పట్టించి, బిగించేవాడు.
బ్రష్షు తక్కువ, అట్లకాడ ఎక్కువ.
రంగు దిబ్బరొట్టెంత మందం.

కాంపౌండరు ప్రభుదాసు
మాకూ ఆయనకీ మధ్య పంటు.
సగం సరుకు నీళ్ళలో పడిపోయేది.
ఒడ్డు చేరినంతే చెబుతున్నాను:

వాళ్ళ నాన్న లాండ్రీలో ఇస్త్రీ పెట్టేవాడట.
ఆ ఆవిరిలో మొహాలు కరిగిపోయి
భుజాలు మాత్రం మిగిలేవట.
అక్కడి పేరుమోసిన చిత్రకారులు
మనిషి బొమ్మ పాతబడింది,
ఇక గీతలు చాలు, మరకలు చాలు అన్నారట.
"మావాళ్ళు గోడ ఎక్కిందే లేదు,
అప్పుడే దిగమంటారేంటి?" అని
ఈయన మనుషుల్నే వేశాడట.
ఎవరూ కొనలేదట.
ఇరవై రెండేళ్ళు రాత్రిపూట పోస్టాఫీసులో
ఉత్తరాలు వేరుచేశాడట.

మా అమ్మ సువార్తమ్మ
ఇటుకబట్టీలో మట్టి మోసేది.
మూడు సాయంత్రాలు ఖాళీ తట్టతో నిలబెట్టాడు.
నాలుగోనాడు చూపించాడు.
ఎర్రమట్టి రంగులో ఒక నడుం,
పసుపచ్చగా ఒక మెడ,
మొహం ఉండాల్సిన చోట
అట్లకాడతో ఒక్కసారి గీకి వదిలేసిన నలుపు.

"కళ్ళేవి? ముక్కు కూడా పెట్టలేదు,
ఏం రోగం?"
ప్రభుదాసు నీళ్ళు నమిలాడు.
అమ్మే మళ్ళీ దగ్గరికెళ్ళింది.
"పోన్లే. ఈ నడుం మటుకు నాదే.
ఎడమపక్క నొప్పని ఈయనకెవరు చెప్పారు?"

ఆ ముక్కని ప్రభుదాసు
తడవకుండా అవతలి ఒడ్డు చేర్చాడు.
నల్లదొర కుర్చీలో కూలబడి
రంగు గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.
చెవి దాకా నీలం.

గంగరాజు కొట్లో ఆయనకి గాజుగ్లాసు, సాసరు.
మాకు చూరులో దోపిన సత్తుగ్లాసు,
తాగి మేమే కడిగి దోపాలి.
పదకొండు రోజులు ఆయన గమనించలేదు.
పన్నెండోనాడు చూశాడు. ఏమీ అనలేదు.
మాకు కోపమొచ్చింది,
ఏదో ఒకటి అనొచ్చు కదా అని.
ఆ రాత్రి వేసిన బొమ్మలో
మా నాన్న చెయ్యి
మా నాన్న కంటే పెద్దది.
వేళ్ళ మధ్య సత్తుగ్లాసు, చీమంత.

వెళ్తూ వెళ్తూ ఆ గుడ్డ మాకిచ్చాడు.
మేకు దిగితే గోడ రాలే ఇల్లు మాది,
గుమ్మానికి పరదా కట్టాం.
ఎవరొచ్చినా
నాన్న చేతి కిందుగా వంగి రావాల్సిందే.
తొంభై ఆరు తుపాను
చూరుతో పాటు దాన్నీ పట్టుకుపోయింది.
ఏ గడ్డిమేటు మీద కప్పారో.

ఆయన పోయాడని మిషన్‌కి ఉత్తరమొచ్చిందట.
అప్పటికి ప్రభుదాసు లేడు.
పంటు ఆగిపోయిన రేవులో
ఆ సంగతి ఎన్నేళ్ళు నిలబడిందో తెలీదు.

నేను పడవలకి పేర్లు రాస్తాను.
మనుషుల్ని వెయ్యను. రాదు.
ఒకసారి అమ్మని వెయ్యబోయి
కళ్ళ దగ్గర మొదలెట్టి చెడగొట్టాను.
నలుపు మాత్రం డబ్బాలోంచి తియ్యను.
అది ఆయన నా చెవి మెలేసి,
తెలుగు అక్కర్లేకుండా నేర్పింది:
నీలంలో ఇటుకరంగు, ఆపైన చిటికెడు ఆకుపచ్చ.

నిన్న ఒక పడవాయన బేరం పెట్టాడు.
"నలుపు నలుపే కదా మేస్త్రీ,
ఇరవై రూపాయలు ఎక్కువెందుకు?"

పొద్దు వాలుతోంది.
పడవని కాస్త ఎండవైపు తిప్పమన్నాను.