వాది

రుస్తాక్ దాటి పన్నెండు కిలోమీటర్లకు
జీపు ఆగిపోయింది.
తోవ ఉండాల్సిన చోట పక్కకు ఒరిగిన ఖర్జూరం చెట్టు,
దాని మెడకు చుట్టుకుని ఎవరింటిదో తివాచీ.

నా పని టేపు పట్టడం.
సున్నా ఉన్న కొస నాది, అంకె ఈపెన్ సారుది.
ఆయన బీమా కంపెనీ కన్ను,
నేను ఆ కంటి కోసం వంగే మోకాలు.

"నీళ్ళు పైనుంచి పడ్డాయా, కిందినుంచి వచ్చాయా?"
ప్రతి గడపలో మొదటి ప్రశ్న ఇదే.
కప్పు చిల్లిలోంచి కారితే ఒక గడి.
వాకిలి దాటి నడిచొస్తే ఇంకో గడి,
దాని ఎదురుగా ఎప్పుడూ ఖాళీ.
నీళ్ళకు కూడా పుట్టుక అడుగుతారని
ఈ కొలువులో చేరాకే తెలిసింది.

జువైనా ముసలమ్మ బురదలోంచి గిన్నెలు ఏరుతూనే
జవాబిచ్చింది:
"వాన ఇక్కడ పడనే లేదు.
ఎండ కాస్తుంటే బట్టలు ఆరేస్తున్నా.
కొండల వెనక ఎక్కడో నల్లబడింది, అంతే.
మొదట మట్టివాసన,
తర్వాత రాళ్ళు రాళ్ళను కొట్టుకునే చప్పుడు,
నీళ్ళు ఆఖర్న వచ్చినయ్."

పైనుంచీ కాదు, కిందినుంచీ కాదు,
పక్కనుంచి.
సారు కలం గాల్లో ఆగింది.
పక్కనుంచి అనే గడి కాగితంలో లేదు.

నిప్పుకు బీమా ఉంది ఆ ఇంటికి, బ్యాంకు పెట్టించింది.
వరదకు విడిగా కట్టాలి,
ఏడాదికి ఇరవై మూడు రియాళ్ళు.
ఎడారిలో నీళ్ళకు బీమానా,
ఒంటెకు గొడుగు కొన్నట్టు, అన్నాడట కొడుకు.
ఆ పైకంతో మేకలకు మేత కొన్నానంది,
దాపరికం లేకుండా.
మేకలూ లేవిప్పుడు.

ఇక్కడ ఎండిన ఏటిని వాదీ అంటారు.
కొత్తలో నాకు నవ్వొచ్చేది.
మా దగ్గర వాదంటే దావా వేసినోడు,
జగిత్యాల కోర్టు మెట్ల మీద
వాయిదా కాగితం నాలుగు మడతలు పెట్టుకుని
పిలుపు కోసం ఏండ్లకేండ్లు కూసునేటోడు.

ఇదీ అట్లనే కూసుంది,
పందొమ్మిదేండ్లు, ఒళ్ళంతా గులకరాళ్ళతో.
ఒడిలో ప్రహరీలు లేచినా పలకలేదు,
పిల్లలు బంతాడుకుంటే కసరలేదు.
మొన్న మధ్యాహ్నం మూడింటికి
ఎవరో పేరు పిలిచినట్టున్నారు.
లేచొచ్చింది.
తన హద్దులు తనే కొలుచుకుని పోయింది,
టేపు అడగలేదు.

లోపలి గది తలుపు చట్రం మీద
పెన్సిలు గీతలు: మనవళ్ళ ఎత్తులు, తేదీలతో.
బురద మరక వాటి మధ్యన ఆగింది,
ముహన్నద్ కంటే ఎత్తు, ఇల్యాస్ కంటే పొట్టి.
"నూట పద్నాలుగు," అన్నాను.
సారు రాసుకున్నాడు.
ముసలమ్మ నా చెవి మీది పెన్సిలు లాక్కుని
మరక పక్కన ఓ గీత గీసి, తేదీ వేసింది.
కిందెక్కడో మోకాటి ఎత్తున
పాత గీత ఒకటి చూపించింది.
"నేను కొత్త కోడలినప్పుడు ఇంతే ఉండేది," అంది,
"ఇదీ పెరుగుతోంది."

నష్టం విలువ ఎంత రాశాడో నాకు చూపించలేదు.

రాత్రి క్యాంపుకి చేరేసరికి
మా రేకుల గదిలోనూ వచ్చిపోయిందని తెలిసింది.
ఎనిమిది మంచాలు, కింది నాలుగు నానిపోయాయి.
నా సూట్‌కేసు పక్క గదిలో దొరికింది, నోరు తెరుచుకుని.
మంచం అద్దెది, గది కంపెనీది,
మాకు ఏ కాగితంలోనూ గడి లేదు.
అలవాటు కొద్దీ టేపు తీశాను.
అవతలి కొస పట్టడానికి
పై మంచం లస్మయ్య దిగొచ్చాడు.
"ఎంత?" అన్నాడు.
చెప్పాను.
"ఎవలికి రాస్తవ్?" అన్నాడు.

గోడ మీద గీత గీశాను.
తేదీ వేశాను.