డి ఆరు, సున్నా రెండు

గునుపురం చింతపండు గోదాంలో
పాత కాటా పక్కన
జెమీమా రైతా తెచ్చిన కొత్త పెట్టె.
ఆమె ప్రోగ్రాం మొత్తం మూడు వరసలు:
బరువు అడుగు,
ధరతో హెచ్చవెయ్యి,
చీటీ ఇయ్యి.
మనిషి మాటలాగే ఉంది. ముచ్చటేసింది.

"కానీ కూర్మినాయుడు గారూ,
మా అమ్మ ఊళ్లో తూచింది ఎనభై.
ఇక్కడ డెబ్భై ఎనిమిది.
ఏ బస్తా పెట్టినా రెండే తరుగు.
నా లెక్కలో తప్పు లేదు."

లేదు.
ఆమె అడిగింది, కాటా చెప్పింది.
కాటా ఎవర్నడిగి చెప్పిందో
ఆ మూడు వరసల్లోంచి కనపడదు.

కొండ మీద సవర, బడిలో ఒడియా,
సంతలో నాతో తెలుగు, పెట్టెతో మరొకటి.
ఇన్ని గుమ్మాలు దాటొచ్చిన పిల్లకి
ఇంకొక్క మెట్టు కిందకి దారి చూపించడానికి
నాకెందుకో నోరు రాలేదు.
స్క్రూలు విప్పాను.

బొద్దింకలా కాళ్లున్న చిప్పు.
గాజు కిటికీ మీద నల్ల స్టిక్కరు,
దాని మీద నా చేతిరాత: తొంభై ఒకటి, మార్చి.

అక్కడ బరువు లేదు, ధర లేదు,
చింతపండు అసలే లేదు.
ఏ అని ఒక గిన్నె.
వెయ్యి, తియ్యి, దూకు, ఆగు.
కిట్టు మీద ఎర్ర అంకెలు ఒక్కొక్కటే దాటిస్తూ
ఒకచోట నా వేలు ఆగింది.
డి ఆరు.
సున్నా రెండు.

"అంటే?"
గిన్నెలోంచి రెండు తియ్యి.
"ఎవరు రాశారు?"

సాహుకారు చెప్పాడు. నేను రాశాను.
అప్పుడు నా జీతం తొమ్మిదొందలు.
దొంగతనం అనే మాట ఆ భాషలో లేదమ్మా,
అందుకే చెయ్యి వణకలేదు.

జెమీమా గుమ్మం వైపు తిరిగి
వాళ్లమ్మతో సవరలో ఏదో అంది.
ముప్ఫై ఏళ్లుగా వింటున్న భాషే.
ఆ మాట మాత్రం నేను ఎరగను.

ఆ చిప్పులో సున్నాని ఒకటి చెయ్యాలంటే
అంతా చెరిపి మొదట్నించీ రాయాలి.
ఒకటిని సున్నా చెయ్యడానికి చిటికె చాలు.
రెండులో ఉండేది ఒకే ఒక్క ఒకటి.
కాల్చేశాను.

ఇప్పుడు డి ఆరు, సున్నా సున్నా.
తియ్యొద్దని కాదు దానర్థం,
సున్నా తియ్యమని.
బస్తా ఎక్కిన ప్రతిసారీ
ఆ చోట ఇంకా ఒక చెయ్యి చాచే ఉంటుంది.

జెమీమా నాలుగో వరస కొడుతోంది:
ప్రతి చీటీకీ, రెండు కలుపు.
తల ఎత్తకుండానే అడిగింది,
"పాత చీటీలు ఏ బీరువాలో ఉన్నాయి?"

తాళంచెవి కోసం
నా జేబులు తడుముకుంటున్నాను.