ఎడమదా, కుడిదా

మా పెంచలరత్నానికి పట్టుచీరల పిచ్చి లేదు.
రాలిన కొమ్ముల పిచ్చి.
ఫాల్గుణం వచ్చిందంటే
లంకమల గుట్టల్లో కణుజులు
తలబరువు దించుకునే కాలమంటుంది.
నీళ్ల సీసా, జొన్నరొట్టెలు, చేతిలో కర్ర.
బీటు అధికారి ఆమె.
జీతమిచ్చేది అడివిని కాయడానికి గానీ
కొమ్ములేరడానికి కాదు గదా అంటే
"రెండిటికీ ఒకటే నడక లేవయ్యా"
అని బూట్లు బిగిస్తది.

నేను సిద్ధవటంలో కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి.
కిందపడిన సూదిని అయస్కాంతంతో వెతకడమే
నాకు తెలిసిన వేట.
పెళ్లయిన ఏడో ఏట ఒక ఆదివారం
ఊరికే వెంట పోయినాను.
ఒక్కతే పోతాందని భయం.
కొంచెం కుళ్లు కూడా,
అడివి పేరెత్తితే ఆ కంట్లో వచ్చే మెరుపు
నా మీదికెందుకు రాదో చూద్దామని.

"కొమ్మును వెతకొద్దు" అన్నది,
"కట్టె కాని కట్టెను వెతుకు."
ఆ పొద్దు నాకు దొరికినవన్నీ కట్టెలే.

మధ్యాహ్నం ఏపె చెట్టు కింద
రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.
మూడు బారల దూరంలో
ఎండుటాకుల్లోంచి ఒక కొస.
నేను దాన్ని దాటుకునే వచ్చినాను.

ఎత్తి నా చేతిలో పెట్టింది. ఎంత బరువో!
మొదట్లో గరుకు కడియం,
ఊడిన చోట బొరుగుల మాదిరి బొడిపెలు.

ఇంటికి తీసుకుపోదామా అన్నాను.
నవ్వలేదు.
తూచి, కొలిచి, నంబరు వేసి
రేంజి ఆఫీసు గదిలో పెట్టి తాళమేస్తారు,
ఎప్పుడో పైనుంచి కాగితం వస్తే కాల్చేస్తారు.
మరి ఏమిటికే ఈ తిరుగుడంతా?
"దొరికిన ఆ రవ్వంతసేపు ఉంది చూడు..."
మిగతాది చెప్పకుండా రొట్టె తిన్నది.

ఆ తరువాత ఆదివారాలు నేనే ముందు లేచేవాణ్ణి.
ఏదుపంది కొరికిన గుర్తు తెలిసింది.
దుప్పిది పలచన, కణుజుది మొరటు అని తెలిసింది.
జతలో రెండోది పక్కనే ఉండదు,
ఒక్కోసారి రెండు వంకల అవతల,
ఒక్కోసారి అసలే ఉండదు.
ఎర్రచందనం నరికిన మొద్దులు కనబడితే మాత్రం
ఆమె కొమ్ముల సంగతి మరిచిపోయి
నన్ను వెనక నడవమంటది.

మొన్న మార్చిలో చికెన్‌గున్యా.
గ్లాసు ఎత్తలేని మనిషి
"ఎద్దులవంక దాకా పోయిరా, ఊరికే చూసిరా"
అని వాచరు ఓబులేసును తోడిచ్చి పంపింది.
అతను బీడీకని వెనకబడిన చోట
పరికి పొద మొదట్లో
నా చేయంత కొమ్ము.
ముట్టలేదు. పక్కన మూడు రాళ్లు పేర్చి
పరిగెత్తినట్టే ఇల్లు చేరినాను.

"ఎన్ని కొసలు?"
మూడు.
"ఎడమదా, కుడిదా?"

నోరు తెరిచి నిలబడినాను.
ఇన్నేళ్ల నడకలో
అది ఒక తలకు ఏదో ఒక పక్కన ఉండేదని
ఒక్కసారీ అనుకోలేదు.

రమ్మని, మంచం దగ్గర కూర్చోబెట్టి
నా చెవుల పైన
రెండు ముంజేతులు నిలిపింది,
వేళ్లు వంగకున్నా.
"ఎడమది ఇట్ట బయటికి పోయి ఇట్ట లోపలికి తిరుగుతది.
కుడిది ఇట్ట. ఇప్పుడు చెప్పు."
జ్వరం చేతులు, కాలుతున్నాయి.
బీరువా అద్దంలో
బట్టతల మగకణుజు ఒకటి
కదిలితే రాలిపోతాయేమోనని
ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఎడమది అన్నాను.

తెల్లారి ఓబులేసు పోయి తెచ్చినాడు. కుడిదే.
పడుకునే రిజిస్టరు రాసింది, వంకర అక్షరాలతో.
కణుజు కొమ్ము ఒకటి, కుడి. కొసలు మూడు.
ఏదుపంది పంటిగాట్లు ఉన్నవి.
చూసినవారి పేరు అనే గడి దగ్గర పెన్ను ఆపి
నా మొహం చూసి
'ఒక స్థానికుడు' అని రాసింది.

ఎడమది ఇంకా దొరకలేదు.
ఆమె మోకాళ్లు ఇంకా పూర్తిగా వంగట్లేదు.
ఊడిన బూటు అడుగు మాత్రం
ఆదివారానికని
నేనే మిషను మీద కుట్టి పెట్టినాను.