ఎడమ మడమ

హన్మకొండ చౌరస్తాల, చిరుగుల గొడుగు కింద
కొంరెల్లి నా బూటును బోర్ల తిప్పి చూసిండు.
"ఎడమ మడమనే అరిగింది సారూ,
అటుపక్క ఎవలనో మోసుకుంట నడిచినట్టున్నవ్."

చెప్పిన: స్పెయిన్ల ముప్పై మూడు దినాలు,
రాళ్ల మీద పసుపు బాణాలు, వానల నానిన గోధుమ చేలు,
ఎవరో సాధువు సమాధి దాకా.
"మొక్కున్నదా?"
లేదన్న.
"మరి?"

ఆరెతోని సోలు సందులకెల్లి
గులకరాయొకటి పెకిలించిండు,
తెల్లగ, బియ్యపు గింజకన్న జర పెద్దగ.
పారెయ్యలే. మైనం ముద్ద పక్కన పెట్టిండు.

మేడారం తను ఏడుసార్లు నడిచిండట.
ములుగు, పస్రా, తాడ్వాయి అడివి,
నెత్తి మీద బిడ్డెత్తు బెల్లం,
కాళ్లకేం లేకుంట.
"ఏడాదంత మంది చెప్పులే చూస్త.
ఆ నాలుగొద్దులన్న
నేలను నా కాళ్లు సూడనీ."

డెబ్బై రూపాయలు. చిల్లర లేదు, ఉంచుకోమన్న.
ఇంట్ల ఇంకో జత ఉన్నదని చెప్పలే,
ఆరో నంబరు, డబ్బలనే,
లేసులు సుత కట్టనివి.

రాయి అడుగుదామనుకున్న.
అప్పటికే ఎవలిదో స్కూలు పిల్ల చెప్పు
మోకాళ్ల నడుమ పెట్టుకున్నడు.